పదికి ఏడు మార్కులు

యానాం కోర్టులో పదకొండేళ్లు దుబాసీగా పనిచేసిన కామేశ్వరరావు, ఆ కాలంలో ఒకరి మాటను మార్చి చెప్పిన పాపాన పోలేదు. రైతు తెలుగులో తిడితే ఆ తిట్టును బరువు తగ్గకుండా ఫ్రెంచిలో జడ్జీ ముందు పెట్టేవాడు. దేవుడి మీద ప్రమాణం చేయమంటే, తనకు నమ్మకం లేదనీ, కావాలంటే నిఘంటువు మీద చేస్తాననీ చెప్పి మొదటిరోజే కోర్టును నవ్వించిన మనిషి. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయాక ఆ కొలువు ముగిసింది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కళాశాలవారు ఫ్రెంచిని రెండో భాషగా పెట్టి పిలిస్తే, గోదావరిని వదిలి పెన్న ఇసుక ఒడ్డుకు వచ్చి చేరాడు.

పంతొమ్మిదివందల అరవై ఒకటి నాటికి ఆయన తరగతిలో మిగిలింది ఇద్దరు. పులివెందుల హైస్కూలు హెడ్మాస్టరు విశ్వేశ్వరయ్య కూతురు ఇందుమతి, మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. రెండోవాడు మెయిన్ బజారులో బట్టల అంగడి నడిపే గఫూర్ కొడుకు హుమాయున్. ఫ్రెంచి అంటే పారిస్ ఒక్కటే కాదని, సైగాను రేవులో మూటలు మోసేవాడూ, డాకరులో చేపలమ్మే ఆడమనిషీ, యానాంలో తన అమ్మమ్మా ఆ భాషతో బతికినవాళ్లేనని కామేశ్వరరావు చెబుతుంటే ఇద్దరూ కళ్లార్పకుండా వినేవారు. కళాశాలలో ఆడపిల్లలూ మగపిల్లలూ మాట్లాడుకునే ఆచారం లేదు. ఆ ఒక్క గదిలో మాత్రం పాఠంలోని సంభాషణలను ఇద్దరూ చెరొక పాత్రగా బిగ్గరగా చదవాలి. రెండేళ్లుగా అలా చదువుతున్నారు. అది ఉచ్చారణకు మంచిదని తప్ప ఆయన మరొకటి ఆలోచించలేదు.

దసరా సెలవుల చివరి శనివారం మధ్యాహ్నం విశ్వేశ్వరయ్య ఆయన ఇంటి ముందు నిలబడ్డాడు. రాహుకాలం దాటాక పులివెందులలో బస్సెక్కి, జమ్మలమడుగులో మరో బస్సు మారి వచ్చాడు. జేబులోంచి మడత కాగితం తీశాడు.

"మా పాప పుస్తకంలో ఉండాది సార్ ఇది. ఫ్రెంచి మాదిరి ఉంటే మీ కాడికి తెచ్చినా. చెయ్యి చూస్తే మా పాపది కాదు. దాన్ని అడగల్యా. ముందు ఏందో తెలుసుకోకుండా బిడ్డను అడగడం న్యాయం కాదు గదా."

ఆ కాగితంలో హుమాయున్ ఇలా రాశాడు: "రెండేళ్లలో నీతో నా సొంత మాట ఒక్కటీ మాట్లాడలేదు. అన్నీ పుస్తకంలోవే. ఇది నా మొదటి మాట. ఓడలో పనికి మా మామ బొంబాయి రమ్మంటున్నాడు. సెలవులయ్యాక నీవు ఉండమంటే ఉంటాను. లేదంటే చదువు మాని వెళ్తాను."

"చదవండి సార్," అన్నాడు విశ్వేశ్వరయ్య. "మంచో చెడో, ఉన్నదున్నట్టు చెప్పండి. ఒకవేళ అట్లాంటిదైతే పాపను రేపే చదువు మాన్పిస్తా. నాకూ కడుపుకోతే, కానీ తప్పదు."

కామేశ్వరరావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ తర్వాత, జీవితంలో మొదటిసారి, కాగితంలో లేనిది చదివాడు. పుదుచ్చేరి చూసిరావడానికి అనుమతి కోరుతూ ఒక విద్యార్థి పినతండ్రికి రాసిన లేఖ అన్నాడు. సెలవులకు తాను ఇచ్చిన వ్యాసాంశం అన్నాడు. ఒకరిది ఒకరు తీసుకుని తప్పులు వెతకమన్నానన్నాడు. అబద్ధానికి ఇన్ని గోడలు కట్టాలని ఆయనకు అంతవరకు తెలియదు.

విశ్వేశ్వరయ్య ముఖం విచ్చుకుంది. "అట్ల చెప్పండి! నా మనసు ఎంత పాడైందో చూడండి సార్, దోవ పొడుగునా ఏందేందో అనుకుంటా వచ్చినా. ఉండేది ఇద్దరే గదా, అయితే ఇది గఫూర్ కొడుకుది. నేనే ఇచ్చిపోతాలే."

"మీకెందుకండీ శ్రమ? సోమవారం నేనే ఇస్తాను మాస్టారూ."

"శ్రమేముంది సార్, ఆ అంగడి ముందరనే బస్సెక్కేది." లేవబోయి ఆగాడు. "అవునూ, మార్కులేవి? మా బడిలో దిద్దని కాగితం పిల్లోని చేతికి పోదు సార్. మీ ముందరికి వచ్చిందాన్ని ఊరికే పంపితే ఎట్ల?"

కామేశ్వరరావు ఎర్రసిరా కలం తీశాడు. నాలుగు తప్పులు దిద్దాడు. పదికి ఏడు వేశాడు.

"ఒక మాట కూడా రాయండి సార్. పిల్లోళ్లకు మార్కుల కన్నా మాటే ముఖ్యం."

ఆయన అంచులో, ఫ్రెంచిలో, ఎన్నో కాగితాల మీద రాసి అలవాటైన వాక్యమే రాశాడు: "భావావేశం అనవసరం. అడిగినదానికి మించి రాయరాదు." ఆపద గడిచిందన్న తేలికదనంలో చెయ్యి దానంతటదే కదిలింది. విశ్వేశ్వరయ్య సిరా ఆరిందాకా ఊది, మడతపెట్టి, దండం పెట్టి వెళ్లాడు.

సోమవారం కళాశాలకు పోతూ కామేశ్వరరావు బట్టల అంగడి దగ్గర ఆగి, హుమాయున్ ఉన్నాడా అని అడిగాడు.

"ఆవోజీ సార్," అంటూ గఫూర్ లేచాడు. "మావోడా? నిన్న ఎర్రగుంట్లలో బొంబాయి రైలెక్కె. వాళ్ల మామూ ఎప్పట్నుంచో పిలుస్తాండాడు. ఆ పులివెందుల అయివారు వచ్చి ఏందో కాగితం చేతికిచ్చి, భుజం తట్టి, 'ఏడు మార్కులప్పా, ఇంగా బాగా రాయల్ల' అన్యాడు. మావోడు దాన్ని సూసి రాయి మాదిరి నిలబడిపోయినాడు. ఆ పొద్దు అన్నం ముట్టల్యా. 'చదువు నాకొద్దు అబ్బా' అన్యాడు. ఏడు మార్కులకు అంత బాధపడతారా సార్? మీరేమన్నా గట్టిగా అన్నారా?"

"బొంబాయిలో చిరునామా ఏదండీ? తంతి కొడతాను."

"మామూకు ఇల్లు యాడిది సార్, ఓడే ఇల్లు. ఈ పొద్దే బయలెల్లుతాదంట. యాడ దిగితే ఆడనుంచి రాస్తానన్యాడు."

తరగతి గదిలో ఇందుమతి ఒక్కతే ఉంది. రాత్రి నిద్రపోని ముఖం, కానీ దీపం వెలిగించినట్టుంది. ఆయన కూర్చోకముందే మడిచిన కాగితం బల్లమీద పెట్టింది.

"మా నాయన శానా సంతోషంగా ఇంటికొచ్చినాడు సార్. నీ సార్ మాదిరి నిక్కమైన మనిషిని సూళ్లేదు అన్నాడు. మీరు ఏం చేసినారో నాకు అర్థమైంది. మీ దగ్గర ఇంక దాచేదేముంది? ఇది నా జవాబు. ఉండమనే రాసినా." గుమ్మం వైపు చూసింది. "హుమాయున్ ఇంగా రాలేదా సార్?"

కోర్టులో చెప్పినట్టు, ఒక్క మాట వదలకుండా, కలపకుండా, ఆయన జరిగినదంతా చెప్పాడు. రైలు సంగతి, ఓడ సంగతి, అంచులో తాను రాసిన వాక్యం. ఇందుమతి విన్నది.

"నేనే మీకిచ్చి దిద్దమన్నానని అనుకోనుంటాడు," అంది. "నవ్వులాటకు."

"అలాగే అనుకుని ఉంటాడమ్మా."

"మా నాయనకు ఫ్రెంచి రాదు గదా సార్?"

"రాదు."

"అయితే ఆ అంచులో మీరు ఏమైనా రాసి ఉండొచ్చు. 'భయపడొద్దు, సోమవారం దాకా ఆగు' అని రాసినా, మా నాయన దాన్ని భద్రంగా తీసకపోయి అతని చేతిలోనే పెట్టేవాడు."

దేవుణ్ని కాదని, కారణం, కార్యం, వాటి మధ్య లంకె అంటూ జీవితమంతా అందరికీ బోధించిన మనిషి కామేశ్వరరావు. కళ్లముందున్న ఆ రెండంగుళాల తెల్లటి అంచు, తాము ముగ్గురూ తప్ప ఆ జిల్లాలో మరెవరూ చదవలేని ఆ చోటు, శనివారం ఆయనకు తట్టలేదు. గ్రహబలం అనడానికీ విధి అనడానికీ ఆయనకు వీల్లేదు. చేసింది తన చెయ్యి.

"క్షమించమ్మా అనడానికి కూడా నాకు..."

"వద్దు సార్." ఆమె తన జవాబును వెనక్కి తీసుకుని, నాలుగు మడతలు వేసి, గుప్పిట్లో పెట్టుకుంది. వరండాలో ప్యూను చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి దాటిపోయింది. ఆమె పైటచెంగుతో గబగబా కళ్లు తుడుచుకుంది.

"పాఠం చెప్పండి సార్. ఈ పొద్దు నేను ఏడ్చుకుంటా ఇంటికి పోతే మా అత్త రేపే పులివెందులకు జాబు రాస్తాది. అదీ పోయె, అప్పుడు ఈ చదువూ పోతాది. చెప్పండి."

ఆయన పుస్తకం తెరిచాడు. ఎక్కడ ఆపారో గుర్తురాలేదు. పేజీ నెంబరు ఆమే చెప్పింది.