మీటరు మీద నూటపది

“ఇంకో యాభై తగ్గించమని అడుగు,” అన్నాడు హరీష్, నా వెనక నిలబడి.

బ్యాంకాక్‌లో మా హోటల్ ముందు రోడ్డు మీద ఉన్నాం. నాకు మూడో నెల. పొద్దున లేచేసరికి రక్తం కనపడింది. హోటల్ వాళ్లు దగ్గర్లోని ఆసుపత్రి పేరు చీటీ మీద రాసిచ్చి, టాక్సీకి రెండొందల బాత్‌లకు మించి ఇవ్వొద్దన్నారు. హరీష్ మనసులో ఆ రెండొందలే నిలిచిపోయాయి.

మదనపల్లెలో అతనికి విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. టమోటా విత్తనాలు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లను భార్యలతో సహా ఈ ఊరు పంపారు. పుంగనూరు డాక్టరమ్మ ప్రయాణం వద్దు, పడుకోమంది. టికెట్లు వాపసు తీసుకోరని, అక్కడికి వచ్చి పడుకోవచ్చని హరీష్ అన్నాడు. నేను బట్టలు సర్దాను, ఇద్దరివీ.

ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి వచ్చిన రోజు నుంచీ ప్రతి టాక్సీ దగ్గరా నన్నే ముందుకు తోశాడు. రేటు తగ్గితే అది మిగతా డీలర్ల ముందు తన తెలివి. తగ్గకపోతే, పిల్లోళ్లకు ఏం ఇంగ్లీషు చెప్తాండావో అని ఎకసెక్కం. ఒక డ్రైవరు నవ్వుతూ జవాబిచ్చాడని, వానితో నగుతా మాట్లాడాల్సిన పనేముందని రోజంతా మొహం ముడుచుకున్నాడు.

మొదటి టాక్సీవాడు నాలుగొందలన్నాడు. రెండోవాడు మూడొందల యాభై నుంచి దిగలేదు. నొప్పి నడుము నుంచి తొడల్లోకి జారుతోంది. ఎంతైనా ఇచ్చి పోదామని రెండుసార్లు అన్నాను. తొందర సూపిస్తే ఇంకా పెంచుతారన్నాడు. అందుకని నొప్పి మొహంలో కనపడకుండా చున్నీ సర్దుకుని మూడోవాణ్ణి అడిగాను. వాడూ ఒప్పుకోలేదు. ముప్పావు గంట గడిచింది.

నాలుగో టాక్సీ నడుపుతున్నది యాభై ఏళ్ల ఆడమనిషి. ఆమె అద్దం దించగానే చీటీ చూపించి, “టూ హండ్రెడ్,” అన్నాను. హరీష్ ఇంకా ఏమీ చెప్పనేలేదు. నా అంతట నేనే అన్నాను. ఆమె రక్తం అంటిన నా చుడీదారు వైపు చూసింది. దిగి వచ్చి, వెనక తలుపు తీసి, చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. మీటరు వేసింది.

ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర మీటరు మీద నూటపది ఉంది. నన్ను చక్రాల కుర్చీలోకి మారుస్తుంటే హరీష్ వంగి, నిజమైన సంతోషంతో అన్నాడు: “సూస్తివా, ఆగినందుకు ఎంత మిగిలిందో.”

స్కాన్‌లో గుండె చప్పుడు లేదు. ముందే వచ్చుంటే నిలిచేదా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేమంది. ఏమంటాండాదని హరీష్ అడిగాడు. మొదటిసారి అతనికి తెలుగులో చెప్పలేదు.

సాయంత్రం సదుంలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేస్తూ, బాత్రూంలో జారి పడినానని చెప్పమన్నాడు. ముసలామె మనసు యాల కష్టపెట్టడం అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు.

“ఏమైందమ్మా?” అంది రెడ్డెమ్మత్త.

“నేను యాడా జారి పడలేదత్తా. రోడ్డు మింద ముప్పావు గంట నిలబడి టాక్సీ బేరం సేసినాం. ఆయన అడగమన్నాడు, నేను అడిగినాను.”

హరీష్ ఫోన్ కోసం చేయి చాచాడు. నేను గోడవైపు తిరిగాను.

“బెంగళూరులో దిగినాక నేను మదనపల్లెకు రాను. కుప్పంలో మా అమ్మ దగ్గరికి పోతాండాను. మళ్లీ రమ్మని అడగొద్దు.”

నన్ను తిడుతుందనుకున్నాను.

“నాకూ కడుపులోనే ఇద్దరు పోయినారు మా,” అంది. “అందరికీ జారి పడినాననే సెప్తి.”