పదకొండు రోజులు

ఏడు గ్లాసుల్లో ఛాయ్ పోస్తుంటే ముందు గదిలోంచి ఆరోన్ గొంతు వినిపించింది. "అక్టోబర్ ఆఖర్ల ఇడిసిండ్రని రాయి."

లారీ డ్రైవర్ కాలు విరగ్గొట్టి రెండేళ్లు జైల్లో ఉన్నాడతను. విడుదలై ఆరేళ్లు నిండితే తప్ప మునిసిపాలిటీ ఎన్నికల్లో నిలబడే హక్కు లేదు; అవి నిండేది ఈ ఏడే. అతని భార్య మిరియం ట్రేతో గుమ్మంలో ఆగింది.

"అక్టోబర్ కాదు, నవంబర్ ఇరవై తొమ్మిది గదా," అంది. ఆ రోజు చంద్రపూర్ జైలు గేటు ముందు పొద్దుటి నుంచి నిలబడింది తనే.

"నువ్వు డమ్మీవే. డమ్మీకి సంతకం ఉంటది, నోరుండది," అన్నాడు ఆరోన్. మగవాళ్లంతా నవ్వారు.

తన నామినేషన్ పోయినా టిక్కెట్టు ఇల్లు దాటకూడదని భార్య పేరున కూడా ఒకటి వేయిస్తున్నాడు. ఫారాలు నింపుతున్న సమ్మయ్య చోటు చూపించాడు: "ఈడ పెట్టు వదినా." పెట్టింది.

అతను జైల్లో ఉన్న రెండేళ్లూ మిరియం ఘుగ్గుస్‌లో గని మెస్సు గిన్నెలు తోమింది. వారం వారం ములాఖత్ వరుసలో నిలబడింది. క్యాలెండర్ మీద రోజుకో గీత కొట్టింది. విడుదలైన రోజు ఇంట్లో కృతజ్ఞత కూటం పెడితే, పాస్టరుగారు విడుదల కాగితం అందరి ముందూ చదివి స్తోత్రం చెప్పారు. వచ్చినవాళ్లు ఇంకా లేవనే లేదు, ఆరోన్ పప్పు నోట్లో పెట్టుకొని, "జైల్ల గూడ గింతకంటె మంచిగ పెట్టిండ్రు," అంటూ పళ్లెం ఆమె కాళ్ల మీదికి విసిరాడు. కాళ్లు కడుక్కొచ్చి, ఆ కాగితాన్ని బైబిల్లో కీర్తనల మధ్య దాచింది. ఎందుకో అప్పుడు తెలియదు.

నవంబర్ పద్దెనిమిదిన నామినేషన్ల పరిశీలన. ఆరోన్ పేరు చదివి, అభ్యంతరాలున్నాయా అని అధికారి అడిగాడు. అడ్డు చెప్పే హక్కు తోటి అభ్యర్థికి ఉంటుంది. డమ్మీ కూడా అభ్యర్థే. కోర్పనా దగ్గరి పల్లె బడిలో నేర్చిన మరాఠీలో, "ఉంది సార్," అంది మిరియం. బైబిల్ తెరిచింది.

ఆరోన్‌ది కొట్టేశారు. ఆమెది నిలిచింది.

"పదకొండు దినాలే! గా పదకొండు దినాలు జర నోరు మూసుకోకపోతివా?" మెట్ల మీద అరిచాడు ఆరోన్.

"రెండేండ్లు దినానికో గీత కొట్టినదాన్ని. పదకొండు గీతలు ఎట్ల మర్చిపోత?"

సమ్మయ్య మధ్యలోకి వచ్చాడు. "పోనీ అన్నా, వదిన గెలిస్తె నువ్వు గెలిచినట్టే. కుర్చీల నువ్వే కూసుంటవ్."

ఆరోన్ ముఖం మళ్లీ వెలిగింది. మిరియం బైబిల్ మూసి చంకలో పెట్టుకొని మొగుడి వైపు తిరిగింది.

"నడువు. ఇంటికి జనమొస్తుండ్రు. గ్లాసులు కడిగి ఛాయ్ పెట్టు. నాకు మాట్లాడే పనుంది."