ముప్పై ఏడో తలుపు

రోజూ తొమ్మిదింటికి ఆ గైడమ్మాయి బ్యాడ్జీ తగిలించుకుని, గొడుగు పైకెత్తి, పాతికమందిని వెంటేసుకుని నగరంలో మహానేత తిరిగిన చోట్లన్నీ తిప్పుతుంది. ఆయన చదివిన బడి, ఉపన్యసించిన మెట్లు, ఆఖరున ఆయన వేయించిన ఎనిమిది వరసల రోడ్డు.

ఆ రోడ్డు నడిమధ్యన తలుపులుంటాయి. రోడ్డు కోసం ఇళ్లు కూల్చిన రోజున గోడలు పడ్డాయి, కప్పులు పడ్డాయి, తలుపులు మాత్రం పడలేదు. బస్సులు వాటిని తప్పుకుని పోతాయి. పురపాలక సంఘం ఏటా గడియలకు నూనె పెడుతుంది. గైడ్లకిచ్చిన కాగితంలో మాత్రం 'ఇది ఒకప్పుడు ఖాళీ స్థలం' అని ఉంటుంది.

ఆ ఒక్క వాక్యాన్ని ఆమె నాలుగేళ్లుగా దగ్గొచ్చినట్టు నటించి దాటేస్తోంది. ఇవాళ కుదరదు. పర్యాటక శాఖ పెద్దాయన పక్కనే నడుస్తున్నాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెబితే బ్యాడ్జీ ఇంకో ఏడాది, లేదంటే ఇవాళే ఆఖరు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

ముప్పై ఏడో తలుపు అమ్మమ్మది. కూల్చేముందు సుద్దతో రాసిన అంకె ఇంకా చెరగలేదు. ఆమె అక్కడ ఆగింది.

"చెప్పమ్మా, ఇక్కడ ముందేముండేది?" అన్నాడు పెద్దాయన, పెన్ను మూత తీసి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఖాళీ అట. అమ్మ పుట్టిన గది ఖాళీ, తాతయ్య కుట్టుమిషను ఖాళీ, గోడ మీద పెన్సిలుతో గీసిన పిల్లల ఎత్తులు ఖాళీ. మనుషుల్ని ఊడ్చిపారేసి, ఊడ్చిన చీపురుకి విగ్రహం పెట్టి, దాని గొప్పలు తన చేత చెప్పిస్తున్నారు.

"మా ఇల్లుండేది," అంది మైకులోనే. "నన్ను నమ్మక్కర్లేదు. ఇంటావిణ్ణే అడగండి."

తలుపు తట్టింది. అమ్మమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి తీసింది. ఇంత ఎండలో గొంతు చించుకునే ఉద్యోగమేంటే అని మనవరాల్ని కసిరి, వచ్చినవాళ్లను చెప్పులు బయట విడిచి లోపలికి రమ్మంది. పాతికమందీ వరసగా వెళ్లారు. తలుపు అవతలి వైపు రోడ్డు మీదికి ఒక్కరూ రాలేదు.

పెద్దాయన నోటుబుక్కులో 'గైడు తొలగింపు, 37వ తలుపు వద్ద' అని రాసుకుంటున్నాడు. అమ్మమ్మ మెడ సాచి చూసింది.

"నువ్వా నాయనా. జుట్టు పోయినా చేతిరాత పోలేదే. నా తలుపు మీద అంకె రాసింది నువ్వేగా? వచ్చి తుడువు."

అప్పట్లో తాను చిన్న గుమాస్తానని, పైవాళ్లు రాయమంటే రాశానని ఆయన గొణిగాడు.

"అప్పుడు వాళ్లు చెప్పారు. ఇప్పుడు నేను చెబుతున్నా."

ఆయన చొక్కా చెయ్యి లాక్కుని రుద్దాడు. మూడు చెరిగేసరికి తలుపుకు ఎడమవైపు గోడ లేచింది. ఏడు చెరిగేసరికి కుడివైపు గోడ, ఆపైన కప్పు. వెనకాల బస్సు డ్రైవరు ఒకసారి హారన్ కొట్టి, ఇల్లు చూసి, ఇంజను ఆపేశాడు.

గైడమ్మాయి బ్యాడ్జీ విప్పి పెద్దాయన జేబులో వేసి, అమ్మకు ఫోన్ చేస్తూ ఇంట్లోకి నడిచింది.

ఆయన చేతికంటిన సుద్ద ప్యాంటుకు తుడుచుకుని వెళ్లబోయాడు. ముప్పై ఎనిమిదో తలుపును లోపలి నుంచి ఎవరో తట్టారు. ఆ వెంటనే ముప్పై తొమ్మిదో దాన్ని.