ఎవరి డిక్కీలో

కీ తిప్పితే కారు టిక్కుటిక్కుమంది తప్ప స్టార్ట్ కాలేదు. ఆ నెలలో అది మూడోసారి. బాలింతల ఇళ్లకు తిరిగి పసిపిల్లల బరువు చూసే నర్సు ఆమె. తొమ్మిదింటికి మొదటి ఇంట్లో ఉండాలి. భర్తకు ఫోన్ చేస్తే, మీటింగులో ఉన్నాను, అక్కణ్ణించి కదలకు అన్నాడు. కదిలే బండయితే ఫోనెందుకు చేస్తుంది?

గంటంబావు తర్వాత వచ్చాడు. తన కారు డిక్కీలోంచి కేబుళ్లు తీసి, రెండు బ్యాటరీలకూ తగిలించి, స్టార్ట్ చేయించి, చేతులు దులుపుకున్నాడు. "నేను లేకపోతే నీ గతేమిటో" అన్నాడు నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది, తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ. నిజానికి ఆ కేబుళ్లు ఆమె కారు కోసం కొన్నవే. నీకు తగిలించడం రాదుగా అని ఆయన తన దగ్గరే ఉంచుకున్నాడు. కొత్త బ్యాటరీ వేయిద్దామంటే ఇంకో ఏడాది లాగుతుందిలే అంటాడు. రోడ్డు పక్కన నిలబడేది ఆయన కాదు కదా.

మళ్లీ ఆలస్యమైతే ఆ ఇళ్లు ఇంకొకరికి అప్పగిస్తానని ఆరోజే పై అధికారిణి తేల్చి చెప్పింది. ఆ ఇళ్లలో నర్సమ్మ మాటకు ఎదురులేదు. బిడ్డ బాగున్నాడని ఆమె అంటేనే తల్లులు ఊపిరి పీల్చుకుంటారు. దాన్ని పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు.

సాయంత్రం విడిభాగాల దుకాణానికి వెళ్లి, ఇంకో కారు సాయం లేకుండా బండిని లేపే జంప్ స్టార్టర్ చూపించమంది. సార్‌ని తీసుకురండమ్మా, వివరంగా చెప్తాను అన్నాడు దుకాణదారు.

"బండి నాది. ఆ వివరం నాకే చెప్పండి."

బరువు కాటాని రోజూ కిలో రాయితో సరిచూసుకుంటే గానీ నమ్మని మనిషి ఆమె. డబ్బా మీద కొట్టొచ్చినట్టు రాసిన అంకెను పక్కనపెట్టి, తన ఇంజను సైజు చెప్పి, దాన్ని నిజంగా తిప్పగలిగే కరెంటు ఎంత ఇస్తుందో అడిగింది. ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు కావాలనే తారుమారు చేసి దుకాణంలోని బ్యాటరీకి తగిలించమంది. మొదటి రకం గమ్మున ఊరుకుంది. దాన్ని వెనక్కి నెట్టేసింది. రెండోది ఎర్ర లైటు వేసి కుయ్యోమని మొత్తుకుంది, కరెంటు మాత్రం వదల్లేదు. తప్పు చేస్తే చెప్పే వస్తువు, తిట్టకుండా. అదే కొన్నది.

ఇంట్లో మగవాడుండగా ఈ డబ్బా ఎందుకమ్మా అంది అత్తగారు. ఆమె డబ్బా మీది నాలుగు లైట్లూ వెలిగేదాకా చార్జి చేసి దాన్ని సంచిలో పడేసుకుంది. మూడు వారాలు ముట్టుకోకుండా ఉంచి, మళ్లీ బటన్ నొక్కి చూసింది. నాలుగు లైట్లూ వెలిగాయి. అప్పుడు నమ్మింది.

ఆ మర్నాడే కారు మొరాయించింది. టిక్కుటిక్కు విని భర్త పళ్లు తోముకుంటూనే బాల్కనీలోకి వచ్చాడు. ఆగు, వస్తున్నా, ఏమీ ముట్టుకోకు అని కేకేశాడు. ఆమె అప్పటికే బానెట్ ఎత్తింది. ఎర్రది బ్యాటరీ ప్లస్‌కి, నల్లది ఇంజను ఇనుముకి తగిలించింది. పచ్చ లైటు వెలిగింది. సీట్లో కూర్చుని కీ తిప్పితే బండి గుర్రుమని లేచింది. ఆమెకు గట్టిగా నవ్వొచ్చింది, ఈసారి అలవాటు కొద్దీ కాదు.

ఆయన చెప్పులు వెతుక్కుని కిందికి దిగేసరికి క్లిప్పులు తీసి చుట్టేస్తోంది. ఇంజన్ను చూశాడు, డబ్బాను చూశాడు. చేతుల్లో దులుపుకోవడానికేమీ లేదు.

"ఒక్క మాట చెప్తే నేనే కొనిచ్చేవాణ్ణిగా" అన్నాడు చిన్నబుచ్చుకుని.

ఆమె బానెట్ దించి, డబ్బాను సంచిలో పెట్టుకుని, తాపీగా తలుపు తీసింది.

"కొనేవారే. కొని, మీ డిక్కీలో పెట్టుకునేవారు."