చెన్నప్ప పాత స్కాన్

గ్రహణం రోజున చెన్నప్ప తన ఛాతీ స్కాన్ ఫిలింను కత్తెరతో ముక్కలు చేసి, సూర్యుణ్ణి చూడమని గని కార్మికుల లైను ఇళ్ల పిల్లలందరికీ పంచిపెట్టాడు. గని మూసేదాకా భూమి కింద పనిచేసిన మనిషి. రెండేళ్ల కిందటి ఫిలిం ఇంకెందుకులే అనుకున్నాడు. నెల తిరక్కుండానే దానితో పనిపడింది.

కొత్త స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగాన నిమ్మకాయంత మచ్చ కనిపించింది. రెండేళ్ల కిందటే ఉండి ఉంటే అది గని దుమ్ము పేరుకున్న గడ్డ, భయం లేదు. కొత్తదైతే బెంగుళూరుకు పోయి ముక్క తీయించి పరీక్ష చేయించాలి, అన్నాడు కోలారు డాక్టరు. ఆనాడు ఫిలింతో పాటు ఇచ్చిన సీడీ ఒక్కటే మిగిలింది. బయటి సీడీ వేస్తే వైరస్ వస్తుందని నెట్ సెంటరువాళ్లు తిప్పి పంపారు. చెన్నప్ప భార్య చిన్నవెంకటమ్మ దాన్ని గుడ్డలో చుట్టి, మొగుణ్ణి నడిపించుకుని, కంప్యూటర్ ఉన్న టీచరుగారింటికి వచ్చింది.

టీచరు బడికి పోయాడు. ఇంట్లో ఆయన భార్య కమలాక్షి ఉంది. కొడుకు అనిరుద్ధ కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించినప్పటి నుంచి సీడీ డ్రైవు పనిచేయలేదు. ఎవరికీ అవసరమూ రాలేదు. సీడీ పెడితే గిర్రున తిరిగి ఆగిపోయింది. కమలాక్షి బెంగుళూరులో ఉన్న కొడుక్కి ఫోను చేసింది.

"ఆఫీసులో ఉండానమ్మా. సాయంత్రం బండికి వస్తా కదా, చూస్తాలే."

"వాళ్లు కూర్చోనుండారురా. నువ్వు చెప్పు, నేను రాసుకుంటా."

కొడుకు చెప్పిన కమాండును ఒక్కో అక్షరం రాసుకుని, తిరిగి చదివి వినిపించి, టైపు చేసింది. అనుమతి లేదు అని వచ్చింది తెర మీద. డ్రైవు వాడుకునేవాళ్ల జాబితాలో ఆ ఇంట్లోవాళ్లు లాగిన్ అయ్యే ఖాతా పేరే లేదట.

"మా గనిలోనూ ఇంతేనమ్మా," అన్నాడు చెన్నప్ప దగ్గు మధ్య. "పేరు లేకుంటే లిఫ్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు."

"నువ్వు మాట్లాడొద్దు. ఆ కత్తెర పట్టుకున్నపొద్దు ఎవరన్నా ఆపుంటే బాగుండు," అంది చిన్నవెంకటమ్మ.

పేరు చేర్చి మళ్లీ లాగిన్ అయితే డ్రైవు సీడీని చదివింది. కానీ అందులో బొమ్మలు చూపే ప్రోగ్రాం విండోస్‌కే పనికొస్తుంది. వేరేది నెట్ నుంచి దించుకునేసరికి ముప్పావు గంట పట్టింది.

కమలాక్షి ముందు పేరు, వయసు, తేదీ సరిచూసింది. కొత్త ఫిలింను కిటికీకి ఆనించి, డాక్టరు పెన్సిలుతో చుట్టిన చోటికి సరిపడే బొమ్మ వెతికింది. పాతదాంట్లో సన్నటి ఇసుక చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి. మచ్చ లేదు. కుడి ఎడమలు తారుమారయ్యాయేమోనని గుండె ఎటువైపుందో చూసింది. మొదటి నుంచి మళ్లీ రెండుసార్లు చూసింది.

చిన్నవెంకటమ్మ నీళ్లకని వంటింట్లోకి పోయింది. చెన్నప్ప కమలాక్షి కుర్చీ దగ్గరికి వంగాడు.

"లేదు కదమ్మా?"

"నేను డాక్టరును కాదప్పా."

"నాకూ కనిపిస్తా ఉండాది. మా ఆడదానికి మాత్రం మచ్చ అప్పుడే ఉండాదని చెప్పు. ఈ ఒక్క రేయన్నా నిద్రపోనీ."

చిన్నవెంకటమ్మ చెంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి తెర ముందు నిలబడింది.

"యాడుండాదమ్మా మచ్చ?"

చెన్నప్ప నేలకేసి చూస్తున్నాడు.

"పాతదాంట్లో లేదమ్మా," అంది కమలాక్షి. "బెంగుళూరుకు పోవాల్సొస్తాది. మా అనిరుద్ధ తోడొస్తాడు."

"బాగా చూసినావా?"

"మూడుసార్లు చూసినాను."

చిన్నవెంకటమ్మ తలూపింది. సీడీ తీసిమ్మని చెయ్యి చాపింది. చెన్నప్ప అప్పటికే గడప దగ్గర కాలితో చెప్పులు తడుముకుంటున్నాడు.