ఆధార్ కార్డు మొహంతో అత్త

వరుసలో నా ముందు నిలబడ్డ మనిషి మా మాణిక్యం అత్త అని నాకు వెనక నుంచే తెలిసిపోతోంది, ఎందుకంటే ముడిలో పెట్టుకున్న చామంతి ఎప్పటిలాగే ఎడమకు జారి వేలాడుతోంది, దాన్ని సర్దుకోవాలన్న ధ్యాస ఎప్పటిలాగే ఆవిడకు లేదు. మా నాన్న చెల్లెలు ఆవిడ. పోయి ఎనిమిది నెలలైందన్న సంగతి నాకు బాగా గుర్తుంది, అయినా ఇక్కడ కనపడినందుకు ఆశ్చర్యమేమీ కలగడం లేదు, ఈవిడ కూడా ఏదో పని మీద వచ్చింది కాబోలు అనుకుంటున్నాను. ఇది మీసేవ కేంద్రమో కళ్యాణ మండపమో తేలడం లేదు. గోడల మీద నోటీసులు మీసేవవి, ఎర్ర గుడ్డ తొడిగిన కుర్చీలు మండపంవి, పైన వేలాడుతున్న గొడుగు లైట్లు మాత్రం నా ఫోటో స్టూడియోవి, నన్ను అడక్కుండా వాటిని ఇక్కడికి ఎవరు మోసుకొచ్చారా అని కొంచెం కోపంగా కూడా ఉంది.

"అత్తా," అంటున్నాను.

ఆవిడ ఇటు తిరుగుతోంది, తిరిగిన మొహం ఆధార్ కార్డు మీది మొహం. ఎడమ కన్ను సగం మూసుకుని, కుడి కన్ను దొంగను చూసినట్టు తెరుచుకుని, నుదుటి మీద బొట్టు ఉందో లేదో తెలియకుండా వెలుతురు కొట్టి, బుగ్గలు నేతగళ్ళ లుంగీలా గళ్ళు గళ్ళుగా విడిపోయి ఉన్నాయి.

"నీ మొహానికేమైంది అత్తా?"

"నన్నడుగుతావేంటే? చేసిందానివి నువ్వేగా," అంటోంది అత్త. గొంతు మాత్రం అచ్చంగా ఆవిడదే. "ఇక్కడ అందరికీ ఇంతే. ఇంట్లో గోడకి ఏ ఫోటో తగిలిస్తే ఆ మొహమేసుకుని తిరగాలి. మార్చమంటే వీల్లేదంటన్నారు."

మునిసిపాలిటీ కుళాయి ఏ టైముకు వస్తుందో చెప్పినట్టు చెబుతోంది, నేను కూడా అలాగే తలాడిస్తున్నాను. నిజమే, చేసింది నేనే. పెద్దకర్మకు ముందు రోజు అత్త కొడుకు శ్రీను నా స్టూడియోకు వచ్చి, ఫోన్‌లో ఉన్న వేల ఫోటోలు వెనక్కీ ముందుకీ తోసి, అన్నింటిలోనూ వాళ్ళమ్మ వెనక నుంచో, గరిటెతోనో, సగం చెయ్యిగానో తప్ప కనపడక, చివరికి జేబులోంచి ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. గోరంత ఫోటోను గోడంత చెయ్యడానికి నేను ఆ రాత్రి నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను, వెనక నీలం మబ్బులు కూడా పెట్టాను, ఆ కన్ను మాత్రం నా వల్ల తెరుచుకోలేదు.

"ఆవిడ నయం కదండీ," అంటున్నాడు వరుసలో మా వెనకున్న పెద్దాయన. ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది, చెయ్యి తాలూకు మనిషి లేడు. "ఇది మా బావమరిది చెయ్యండి. గ్రూపు ఫోటోలోంచి నన్ను కత్తిరించేశారండి. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, చెయ్యి మాత్రం నాతో వచ్చేసిందండి. ఆయ్, బరువేం లేదు, దురదెడతంటాది అంతే."

నేను ఆ చేతికి నమస్కారం పెట్టబోయి ఆగుతున్నాను. అంతలో కోటు, టై వేసుకుని ఒకాయన వస్తున్నాడు, చూడగా చూడగా వీర్రాజు మావయ్య, అత్త భర్త, పదహారేళ్ళ కిందట పోయినవాడు, బతికినంత కాలం లారీ మీద బనీనుతో తిరిగినవాడు. పోయాక ఎవరో స్టూడియో అతను మావయ్య తలను ఒక దొరగారి కోటు మీద అతికించి ఇచ్చాడు, అది చూసి మా వాళ్ళందరూ ఎంత దర్జాగా ఉన్నాడో అని మురిసిపోయారు. ఆ టై ముడిని మావయ్య వేలితో లాగుతున్నాడు, అది ఊడదు, దాని కింద మెడ లేదు.

"ఏమ్మా వేణీ, కొట్టెలా ఉంది?" అంటున్నాడు.

"బానే ఉంది మావయ్యా."

"బానే ఉంటే తెర ఎందుకు పీకేత్తన్నావు?" అంటోంది అత్త.

ఈవిడకు ఎలా తెలిసింది అని నేను అనుకోవడం లేదు, ఎందుకంటే ఇప్పుడు మేము ముగ్గురం రామచంద్రపురంలో నా స్టూడియోలోనే ఉన్నాం, వరుస మాత్రం షట్టరు దాటి వీధిలోకి సాగి ఉంది, నా కాళ్ళ దగ్గర సగం విప్పిన వెనక తెర కుప్పగా పడి ఉంది. నేను చెప్పుకొస్తున్నాను. పదేళ్ళు సరదాకు ఫోటోలు తీశానా, అందరూ వేణి చెయ్యి పడితే రాయి కూడా నవ్వుతుంది అన్నారా, ఆ మాట తలకెక్కి రెండేళ్ళ కిందట కంప్యూటర్ టీచరు ఉద్యోగం మానేసి ఈ షట్టరు అద్దెకు తీసుకున్నానా, బోర్డు పెట్టాక మెచ్చుకోళ్ళు అలాగే ఉన్నాయి గానీ, పిలిచేవాళ్ళందరూ మనవాళ్ళే అయిపోయారు. బారసాలకు మన వేణి ఉంది, ఓణీల ఫంక్షనుకు మన వేణి ఉంది. భోజనం పెడతారు, జాకెట్టు ముక్క పెడతారు. బయటివాళ్ళు వచ్చే సరికి నేను మనవాళ్ళ ఇంట్లో ఉంటాను. స్కూలు వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు, ఈ సాయంత్రం లోగా ఏదో ఒకటి చెప్పాలి, రేపు షట్టరు తాళాలు ఇచ్చేయాలి. ఇదంతా చెబుతుంటే నాకు సిగ్గుగా ఉంది. ఇష్టమైన పనితో బతకడం నాకు చేతకాలేదని ఇంతవరకూ ఎవరితోనూ ఇంత సూటిగా అనలేదు.

అత్త వింటూ వింటూ స్టూలు మీద కూర్చుంటోంది. ఇప్పుడు ఆవిడ ఒంటి మీద పిస్తా రంగు వెంకటగిరి చీర ఉంది. ఆవిడ ఆ చీర కట్టుకుని నా స్టూడియోకు వచ్చిన రోజు నాకు గుర్తుంది, గుర్తు రాకుండా ఎనిమిది నెలల నుంచి జాగ్రత్త పడుతున్నాను.

"చెప్పనా ఆ రోజు ఏం జరిగిందో?" అంటోంది అత్త.

"వద్దత్తా."

"నేను పోయాక గోడకి పెట్టేది నువ్వే తియ్యాలే కోడలా, నాకు నచ్చేలా తియ్యాలి అన్నాను. ఛ, అవేం మాటలు అత్తా, అశుభం అన్నావు. పర్సు తీస్తే నా చెయ్యి మూసేశావు, నీ దగ్గర తీసుకుంటానా అని. కూర్చో, ఇప్పుడే వస్తా అని కెమెరా భుజాన్నేసుకుని వెళ్ళిపోయావు. ఎవరిదో ఓణీల ఫంక్షను."

"కోటేశ్వరి వదిన కూతురిది."

"గంటన్నర కూర్చున్నాను. ఫోన్ చేస్తే రేపు రా అత్తా అన్నావు. ఆ రేపు మళ్ళీ రాలేదు." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. "నా డబ్బులు తీసుకునుంటే నాకు టైము రాసిచ్చేదానివి. తీసుకోలేదు కాబట్టి రేపన్నావు."

నాకు ఏడుపు వస్తోంది, ఆపుకోవడం లేదు. నా అత్త ఒకే ఒక్క ఫోటో అడిగింది, నేను తియ్యలేదు, అది ఇంక ఎప్పటికీ తియ్యలేను. ఎంతమంది పెళ్ళికూతుళ్ళ రెప్పల మీద మెరుపు పట్టుకున్నాను, ఈవిడను మాత్రం ఆధార్ కార్డు తీసిన ఎవరికో వదిలేశాను.

"ఏడవకు, కెమెరా తడుస్తాది," అంటోంది అత్త. "తియ్యి ఇప్పుడు. ముందు రేటు చెప్పు."

నా నోట్లో సున్నుండ ఉన్నట్టు నాలుక తిరగడం లేదు. బయట వరుసలో వాళ్ళందరూ, చేతులు తగిలించుకున్నవాళ్ళు, కోట్లు వేసుకున్నవాళ్ళు, పాత ఫోటోల్లోంచి వచ్చి కూతుళ్ళ కంటే చిన్నవాళ్ళుగా ఉన్న తల్లులు, తలలు చాచి వింటున్నారు.

"నాలుగు వేలు అత్తా. ఫ్రేముతో."

"రెండుకి చెయ్యి."

"సరే, నీ ఇష్టం, నీకు తోచింది ఇవ్వు."

అత్త స్టూలు మీంచి లేచిపోతోంది. "అదిగో, అదే నీ జబ్బు. కూరగాయలబ్బాయి కూడా నేను నడిచి రెండు కొట్లు దాటేదాకా తగ్గించడు." ఆవిడ లేవగానే స్టూలు కూడా లేదు, దాని చోట ఓణీల ఫంక్షను జరుగుతోంది, పిల్ల మెడలో దండలు, కోటేశ్వరి వదిన నా చేతిలో జాకెట్టు ముక్క పెట్టి, ఒక్కటి మా చుట్టాలతో, ఇంకొక్కటి మా వియ్యాలవారితో అంటోంది, ఆ ఒక్కటికీ ఇంకొక్కటికీ అంతు లేదు, వాళ్ళందరి వెనక, గుమ్మం దగ్గర, పిస్తా రంగు చీర వీధిలోకి వెళ్ళిపోతోంది. నేను అందరినీ తోసుకుని పరిగెడుతున్నాను.

"నాలుగు వేలే అత్తా! తగ్గదు. రేపు కాదు, ఇప్పుడే!"

అత్త ఆగుతోంది. వెనక్కి వచ్చి, పాత చోటికే మళ్ళీ వచ్చేసిన స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. గెలిచినట్టు మావయ్య వైపు చూస్తోంది. "తగ్గలేదు చూశావా, మన వేణి."

"కానీ అత్తా, ఇలాంటి ఫోటో కోసం ఎవరొస్తారు? బతికుండగా పోయాక పెట్టే ఫోటో తియ్యమని ఎవరడుగుతారు? కొట్టు తెరిచి కూర్చుంటే వినడానికే భయపడతారు."

"నేను వచ్చాను కదే," అంటోంది అత్త.

వరుసలో పెద్దాయన తన భుజం మీది చేతిని మెల్లగా దులుపుకుంటున్నాడు. అత్త భుజం మీద కొంగు కుచ్చిళ్ళకు పెట్టుకున్న పిన్నీసు తీసి, "ఇది లైటుకి మెరుస్తాది, ఫోటో అయ్యేదాకా నీ దగ్గరుంచు, పారేయకు, నాకున్నది ఇదొక్కటే," అంటూ నా అరచేతిలో పెడుతోంది. నేను దాన్ని పిడికిట్లో పట్టుకునే కెమెరా ఎత్తి చూస్తున్నాను. బుగ్గల మీది గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, బొట్టు కనపడుతోంది, చామంతి జారే ఉంది, ఉండనీ అనుకుంటున్నాను, ఆ మూసుకున్న ఎడమ కన్ను కొంచెం కొంచెంగా తెరుచుకుంటోంది, ఇంకొక్క క్షణం ఆగితే పూర్తిగా తెరుచుకుంటుంది, నేను బటన్ మీద వేలు బిగిస్తుంటే అరచేతిలో పిన్నీసు చురుక్కుమంటోంది.

ఏదో గుచ్చుకుని మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడున్నరైంది. కరెంటు ఇంకా రాలేదు. సగం విప్పిన తెరను తలకింద పెట్టుకుని స్టూడియో నేల మీదే నిద్రపోయాను, చెయ్యి దాని మడతల్లో ఉంది. ఫోన్ మోగుతోంది. కోటేశ్వరి వదిన. ఆదివారం మనవడి అన్నప్రాశన, కాస్త వచ్చి నాలుగు ఫోటోలు తీసి పెట్టమ్మా అంది. రేటు చెప్పాను. పొద్దున్న తొమ్మిదింటికి వస్తానని, పదకొండింటికి వెళ్ళిపోతానని కూడా చెప్పాను. ఆయన్ని అడిగి చెప్తాను అని పెట్టేసింది. ఫోన్ కింద పెట్టకముందే, నేను రావడం లేదండి అని స్కూలుకు మెసేజ్ పంపేశాను.

అప్పుడు అరచెయ్యి చూసుకున్నాను. మధ్యలో చిన్న రక్తపు చుక్క ఉంది. తెర మడతలు విప్పి వెతికితే, అంచున, గుడ్డకు గుచ్చి, మొన సరిగా మూసుకోని పిన్నీసు ఒకటి దొరికింది. దాని వంపులో పిస్తా రంగు దారప్పోగు చిక్కుకుని ఉంది. ఆ రోజు నా కోసం కూర్చున్న గంటన్నరలో ఎప్పుడో, ఫోటోలో మెరుస్తుందని భుజం మీంచి తీసి, పోకుండా పక్కనున్న తెరకు గుచ్చి, సిద్ధంగా కూర్చుని ఉంటుంది అత్త.

నిచ్చెన వేసుకుని తెరను మళ్ళీ కడ్డీకి ఎక్కించాను. పిన్నీసు మొన మూసి, దాని చోటనే ఉంచాను, స్టూలు మీద కూర్చున్నవాళ్ళ చేతికి అందే ఎత్తులో.