పదిహేడో గింజ

యెహెజ్కేలుతో పాటు ఒకే తల్లి పాలు తాగిన తమ్ముడొకడు దొరల సీమలో ఉన్నాడన్న సంగతి పెళ్ళయిన మూడో నెల దాకా దేవకుమారికి తెలియదు. ఎవరూ చెప్పలేదు. చివరికి ఎండుచేపల పొట్లం చెప్పింది.

యెహెజ్కేలు ధవళేశ్వరం వర్క్‌షాపులో ఫిట్టరు. ఫోర్మన్ దొర చదివి పారేసిన ఇంగ్లీషు పత్రికలు యంత్రాల జిడ్డు తుడవడానికి అక్కడ పడి ఉండేవి. ఆ రోజు పని దిగి వస్తూ చేపలు కొని, ఆ కాగితంలోనే చుట్టి తెచ్చాడు. దేవకుమారి మిషన్ బడిలో చదువుకున్న పిల్ల. అచ్చుకాగితం కనబడితే చదవకుండా పొయ్యిలో పెట్టడం ఆమెకు చేతకాదు. పొలుసులు దులిపి, గుంజకు ఆనుకుని, కూడబలుక్కుంటూ చదివింది. కాళ్ళతో బంతి తన్నే ఆట గురించి ఏదో రాశారు.

"అత్తయ్యా, గోదావరి ఒడ్డున పుట్టిన దొరలు కూడా ఉంటారా? థోర్ప్ అట. వెనకనుంచి బాగా అడ్డుకున్నాడట."

చట్టిలో చేపలు కడుగుతున్న సంపూర్ణమ్మ చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"ఏ పేరన్నావు?"

"డబ్ల్యూ. థోర్ప్."

"విల్లిబాబు," అంది సంపూర్ణమ్మ. అని, తడిచేతులతోనే వచ్చి కాగితం అందుకుంది. ఆమెకు ఒక్క అక్షరమూ రాదు. అయినా చాలాసేపు చూసింది.

అప్పుడు చెప్పింది. ఇరవై నాలుగేళ్ళ కిందట కాలవ లాకుల మీద అధికారిగా థోర్ప్ దొర ఉండేవాడు. పురిటి ఎనిమిదో నాడు దొరసాని పోయింది. అప్పటికి సంపూర్ణమ్మ ఒళ్ళో నెల బిడ్డ యెహెజ్కేలు. ఒక పక్క వీడు, ఒక పక్క వాడు. ఇద్దరూ ఒకే చాప మీద పాకారు, ఒకే లాకు గట్టు మీద గుడ్డబంతి తన్నారు. తొమ్మిదో ఏట వాడిని అమ్మమ్మ దగ్గరికి ఓడ ఎక్కించారు. రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. తరవాత దొరకు బదిలీ అయింది, ఉత్తరాలు ఆగిపోయాయి. పదమూడేళ్ళుగా వాడు ఉన్నాడో లేడో కూడా తెలియదు.

"ఉన్నాడు అత్తయ్యా. బంతి తన్నుతున్నాడు."

"నా వాటా పాలు కూడా తాగి పోయాడు. తన్నక ఏం చేస్తాడు?" అన్నాడు పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న యెహెజ్కేలు.

"నీకు తక్కువ చేశానట్రా?"

"వాడు ఏడిస్తే పరిగెత్తేదానివి. నేనేడిస్తే ఏడవనిచ్చేదానివి."

"వాడు ఏడిస్తే నా జీతం పోయేది. నువ్వేడిస్తే ఏం పోయేదిరా, వెర్రి నాగన్నా?" అంది తల్లి. నవ్వుతూనే అంది కానీ, యెహెజ్కేలు నవ్వలేదు. దేవకుమారి అది చూసింది.

ఆ తరవాత వారానికో కాగితం ఇంటికి వచ్చేది. ఆదివారం గుడి నుంచి వచ్చి, గంజి తాగి, అత్తాకోడళ్ళు అరుగు మీద కూర్చునేవారు. ఆ దేశంలో పెద్ద తరగతి జట్లు పద్దెనిమిది. గెలిస్తే రెండు గుర్తులు, సమంగా ముగిస్తే ఒకటి. ఎవరికి ఎన్ని గుర్తులో వరసగా పైనుంచి కిందికి వేసేవారు. సంపూర్ణమ్మకు అది పట్టుబడడానికి రెండు వారాలు కూడా పట్టలేదు. పదిహేడు చింతగింజలు, ఒక గురివింద గింజ తెచ్చి అరుగు అంచున బారుగా పేర్చింది. గురివింద గింజ విల్లిబాబు జట్టు. దేవకుమారి చదువుతుంటే ఆమె గింజలను పైకీ కిందికీ జరిపేది. ఆ జట్టు ఊరి పేరు ఆమెకు నోరు తిరిగేది కాదు. "బాబు ఊరు" అనేది.

బాబు ఊరు అంత గొప్పగా ఆడడం లేదు. డిసెంబరు కాగితాల్లో గురివింద గింజ పదమూడో చోట ఉండేది. మార్చికి వచ్చేసరికి పదిహేనుకు దిగింది.

"అడుగున పడితే ఏమవుతుంది?" అని అడిగింది సంపూర్ణమ్మ.

ఆ ఏడు నుంచి కొత్త కట్టుబాటు పెట్టారని యెహెజ్కేలు ఫోర్మన్ దొర నోట విని వచ్చి చెప్పాడు. అడుగున ఉన్న రెండు జట్లనూ మరుసటేడు చిన్న తరగతికి దింపేస్తారు.

"దింపితే దింపనీ. బడిలో పిల్లల్ని దింపరూ? ఆడుకోనిస్తారు కదా."

దేవకుమారి కాగితం తిప్పింది. చిన్న తరగతి ఆటలు ఒక మూల, చీమల బారులాంటి అక్షరాల్లో ఉన్నాయి. ఊరి పేరు, అంకె, ఊరి పేరు, అంకె. అంతే. ఆడినవాళ్ళ పేర్లు లేవు. వెనకటి కాగితాలన్నీ తిరగేసింది. ఎందులోనూ లేవు.

"అత్తయ్యా, దిగిపోతే జట్టు ఎన్ని కొట్టిందో ఆ అంకె ఒక్కటే వేస్తారు. బాబు పేరు వెయ్యరు."

సంపూర్ణమ్మ గురివింద గింజ మీద వేలు పెట్టి కూర్చుంది. వారానికి ఒకసారి ఆ పేరు వినబడడమంటే, ఆమెకు, ఆ పిల్లాడు ఆ వారం లేచి నడిచాడని కబురు.

ఆ మరుసటి ఆదివారం గుడిలో ఉపదేశి సత్తిరాజు గారు, ప్రార్థన మనవులు ఏమన్నా ఉన్నాయా అని అడిగినప్పుడు సంపూర్ణమ్మ లేచి నిలబడింది.

"నేను పాలిచ్చిన బిడ్డ సీమలో బంతాట ఆడుతున్నాడండి. వాళ్ళ జట్టు పడిపోకుండా ప్రార్థన చెయ్యండి."

సత్తిరాజు గారు గొంతు సవరించుకున్నారు. "జ్వరానికి చేస్తాం, వానకు చేస్తాం. ఆటకు ప్రార్థనేంటమ్మా?"

"మీ అబ్బాయి పరీక్షకు చెయ్యలేదేంటండి?" అంది వెనకనుంచి వీరమ్మ. ఆడవాళ్ళ వైపు కిసుక్కున నవ్వారు.

"సరే, సరే. ఆట ఎప్పుడమ్మా?"

సంపూర్ణమ్మ కోడలి వైపు చూసింది. దేవకుమారి తల దించుకుని, "వచ్చే శనివారం అని వేశారండి. కానీ కాగితం నెల కిందటిది. అయిపోయి ఉంటుందండి," అంది.

ఈసారి మగవాళ్ళ వైపు కూడా నవ్వారు. యెహెజ్కేలు చెవులు ఎర్రబడ్డాయి. అయిపోయిన ఆటకు ప్రార్థన ఎలా చేస్తారమ్మా అన్నట్టు సత్తిరాజు గారు చేతులు చాపారు.

"కాగితం మనకు ఆలస్యంగా వచ్చిందండి," అంది సంపూర్ణమ్మ నిదానంగా. "దేవుడికి కూడా టపాలోనే వెళుతుందాండి కబురు? ఇవాళ నేను అడుగుతానని ఆయనకు ఆ రోజే తెలియదా?"

గుడిలో నవ్వు ఆగిపోయింది. సత్తిరాజు గారు కళ్ళు మూసుకుని, ప్రార్థన చేశారు. 'ఆమెన్' అన్నప్పుడు పక్కవరసలోంచి భర్త గొంతు అందరికంటే కొంచెం గట్టిగా వినబడినట్టు దేవకుమారికి అనిపించింది.

ఆ ఆట బాబు ఊరు గెలిచింది. కాగితం వచ్చిన నాడు సంపూర్ణమ్మ వీధి వీధంతా చెప్పివచ్చింది. ఇంకో సంగతి దేవకుమారి ఒక్కతే కనిపెట్టింది. మొదట్లో కాగితం జిడ్డు మరకలతో, చిరుగులతో వచ్చేది. ఇప్పుడు ఆటల పుట ఒక్కటీ విడిగా, నాలుగు మడతలు పెట్టి, చుక్క నూనె అంటకుండా వస్తోంది.

"దొర పారేసే దాకా ఆగుతున్నారా, అడుగుతున్నారా?" అంది ఒకనాడు.

"ఆయన గొడవ ఆయనది. వాళ్ళ లివర్‌పూలు జట్టు పై చోటు కోసం కొట్టుకుంటోంది. ఆస్టన్ విల్లాతో సమానంగా ఉందట. పొద్దున్నుంచి అదే ఊసు. అడుగున మునిగేవాళ్ళ గురించి ఆయనకేం పట్టింది? 'మీ వాళ్ళెవరోయ్?' అంటే చెప్పాను. నవ్వాడు."

"మీ వాళ్ళు అన్నారా మీరు?"

"ఆయనన్నాడు," అని యెహెజ్కేలు బయటికి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం కాలవలు కట్టేశారు. నీళ్ళు తీసేసిన కాలవల్లో లాకు తలుపులు బాగుచెయ్యడానికి వర్క్‌షాపు మనుషులంతా లాకుల మీదికి వెళ్ళారు. యెహెజ్కేలు ఆరు రోజులూ అక్కడే ఉండి, ఆదివారం ఇంటికి వచ్చేవాడు. జూన్ మొదటి ఆదివారం వచ్చినప్పుడు తలపాగా విప్పి, అందులోంచి మడత కాగితం తీసి అరుగు మీద పెట్టాడు. పెట్టి, రోజూలా పెరట్లోకి వెళ్ళకుండా అక్కడే కూర్చున్నాడు. అతనికి అంకెలు తెలుసు.

దేవకుమారి పైనుంచి మొదలుపెట్టింది. ఆఖరి రోజున విల్లా, లివర్‌పూలు ఎదురూ బొదురూ తలపడ్డాయి. విల్లా అయిదు కొట్టింది, లివర్‌పూలు ఒక్కటీ కొట్టలేదు.

"అయ్యో, దొర!" అంది సంపూర్ణమ్మ. "అన్నం తిన్నాడా ఆయన?"

"రెండు రోజులు మాట్లాడలేదు," అన్నాడు యెహెజ్కేలు.

దేవకుమారి ఒక్కొక్క పేరే చదువుతూ కిందికి దిగింది. పదిహేను. పదహారు. ఆగింది. సంపూర్ణమ్మ గురివింద గింజను తనే తీసి పదిహేడో చోట పెట్టింది.

"బాబు ఆడాడా ఆ రోజు?"

"ఆడాడు అత్తయ్యా. పేరుంది."

"మళ్ళీ చదువు ఆ పేరు."

చదివింది. ఇంకోసారి చదవమంటే ఇంకోసారి చదివింది.

తరవాత నాలుగు నెలలు ఆటలు లేవు. కాలవలు వదిలారు, ఊడ్పులు అయ్యాయి. సంపూర్ణమ్మ ఆ ఊసు ఎత్తలేదు. అక్టోబరులో యెహెజ్కేలు మళ్ళీ కాగితం తెచ్చాడు. దేవకుమారి మూలనున్న చీమల బారు వెతికింది. బాబు ఊరు రెండు, ఇంకో ఊరు సున్న. అంతే ఉంది.

"గెలిచారత్తయ్యా," అంది.

"బాబు?"

ఒక్క మాట. వెనకనుంచి బాగా అడ్డుకున్నాడని ఒక్క మాట చదివినట్టు పలికితే అత్తకు ఎప్పటికీ తెలియదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి అంటే వారం వారం అనాలి. ఒకవేళ అతను జట్టులోంచి వెళ్ళిపోతే, లేక జబ్బుపడితే, తను ఇక్కడ ఏళ్ళ తరబడి అతని చేత బంతి తన్నిస్తూనే ఉండాలి. ఆమె ఆ మాట మింగేసి కాగితం మడిచింది.

"పేరు వెయ్యలేదమ్మా," అన్నాడు యెహెజ్కేలు. "కాగితం వాళ్ళు చెప్పకపోతే మనం అడగలేమా? జట్టు పేరు తెలుసు, ఊరి పేరు తెలుసు. రాయి దేవీ, ఉత్తరం."

ఏడాదిగా ఈ ఆలోచన తనకెందుకు రాలేదా అని దేవకుమారి సిగ్గుపడింది. పలకా బలపం కాదు, సిరాబుడ్డీ కలమూ తెచ్చింది. సంపూర్ణమ్మ చీర సర్దుకుని, దొర ఎదట నిలబడినట్టు కూర్చుంది.

"విల్లిబాబూ, నేను సంపూర్ణమ్మని. బాగున్నావా? వేళకు తింటున్నావా? మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నావా? పడిపోయినందుకు బెంగ పెట్టుకోకు..."

దేవకుమారి తెలుగులో రెండు వరసలు రాసేసరికి యెహెజ్కేలు కలం పట్టుకుని ఆపాడు.

"వాడికి తెలుగు మాటలే వచ్చు. చదవడం ఎవరు నేర్పారు?"

"అయితే ఇంగ్లీషులో రాస్తాను."

"అప్పుడు అమ్మ మాట ఎక్కడుంటుంది?" అతను బుగ్గ గోక్కున్నాడు. "ఇదిగో, లాకు తలుపుల ఇనప రేకుల మీద మన ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాలతో పోత పోస్తాం. ఊరు మనదే, అక్షరం వాళ్ళది. అలా రాయి. వాడు పైకి చదువుకుంటే అమ్మే మాట్లాడినట్టుంటుంది."

దేవకుమారి మొగుడి ముఖంలోకి చూసి, కొత్త కాగితం తీసింది. అత్త మాటలన్నీ అలాగే రాసింది. ఆఖరున యెహెజ్కేలు, "కింద నాది ఒకటి వెయ్యి," అన్నాడు. "ఈ ఏడు మళ్ళీ పైకి ఎక్కకపోతే నా వాటా పాలు తిరిగిచ్చెయ్యాలి. ఇట్లు, నీ అన్న."

"అన్నా?" అంది సంపూర్ణమ్మ.

"నెల పెద్దవాణ్ణి కానా?"

వాడు చదవగలడో లేదో చూడాలంటే ఎవరైనా అలా చదివి చూడాలి. యెహెజ్కేలు కాగితం అందుకున్నాడు. ఇనుము మీద అచ్చులు తప్ప అతను ఇంగ్లీషు అక్షరాలు చదివి ఎరగడు. వేలు పెట్టి, ఒక్కొక్క ముక్కే పలికాడు.

"వి... ల్లి... బా... బూ. నే... ను... సం... పూ..."

సంపూర్ణమ్మ చప్పున పైట నోటికి అడ్డం పెట్టుకుంది. యెహెజ్కేలు ఆగిపోయాడు.

"ఏంటమ్మా, తప్పా?"

"కాదురా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇద్దరూ ఒక్క నెలలోనే మాటలు నేర్చారు. ముందు నువ్వు, తరవాత వాడు. ఇదిగో, ఇలాగే పలికేవాడివి, ముక్కలు ముక్కలుగా. నా పేరు నీకు సగమే వచ్చేది."

"నాకు జ్ఞాపకం లేదు," అన్నాడు యెహెజ్కేలు.

"నాకుంది. మొదటినుంచి చదువు."

అతను కాగితం వెలుగుకు తిప్పుకుని మళ్ళీ మొదటినుంచి, అంతే మెల్లగా, చదివాడు.